టెన్నిస్ సందేహాలు: గంట ఆడటం వేరు, గంట సాధన చేయడం వేరు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మొర: రోజూ ఆడుతున్నాం, ఆట మాత్రం ఉన్నచోటే ఉంది. అందుకే మొదటి ప్రశ్నకూ సర్వ్ (పాయింట్‌ను మొదలుపెట్టే దెబ్బ) గురించిన ప్రశ్నకూ కాస్త ఎక్కువ చోటు ఇచ్చాం. జవాబులు కుడిచేతి వాటం వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఎడమచేతి వాటం వాళ్లు కుడి ఎడమలు మార్చి చదువుకోవాలి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ కోర్టులో నేనూ నా స్నేహితుడూ ఏడాదిగా పొద్దున్నే గంటసేపు ఆడుతున్నాం. ర్యాలీలు బాగానే సాగుతాయి. బయటివాళ్లతో మ్యాచ్ ఆడితే మాత్రం నాలుగో బంతికే తప్పు చేస్తాం. కోచ్ లేరు. ఉన్న గంటను ఎలా వాడుకోవాలి?
— పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఎదురుగా ఉన్న మనిషికి అందేలా కోర్టు మధ్యలోకి కొట్టుకుంటూ పోతే ర్యాలీ ఎంతసేపైనా సాగుతుంది. మ్యాచ్‌లో ఎవరూ బంతిని అలా మీ దగ్గరికి పంపరు కదా. ముందు బంతుల సంగతి చూడండి. కనీసం ఎనిమిది ఉండాలి. రెండు బంతులతో దిగితే సగం సమయం ఏరుకోవడానికే సరిపోతుంది.

మొదటి ఐదారు నిమిషాలు ఇద్దరూ సర్వీస్ లైన్ల (నెట్‌కూ వెనక గీతకూ మధ్య ఉన్న అడ్డగీతలు) వెనక నిలబడి, సర్వీస్ బాక్సుల్లోనే (ఆ గీతకూ నెట్‌కూ మధ్య గళ్లు) పడేలా ఆడండి. దీన్నే మినీ టెన్నిస్ అంటారు. బంతి ఒకసారి నేలను తాకాకే కొట్టాలి. చాలామంది ఇక్కడ కాళ్లు కదపకుండా మణికట్టుతో తట్టేస్తుంటారు. దానివల్ల ఒళ్లు వేడెక్కదు, స్వింగూ కుదరదు. స్వింగ్ పూర్తిగానే ఉండాలి, వేగం మాత్రం తగ్గించాలి. బంతి ఒంటికి ముందు తగలాలి. రాకెట్ కింది నుంచి పైకి వెళ్లి ఎడమ భుజం దగ్గర ఆగాలి.

తర్వాత బేస్‌లైన్‌కు (కోర్టు వెనక గీత) వెళ్లి పదిహేను నిమిషాలు ఫోర్‌హ్యాండ్ (కుడివైపు బంతికి కొట్టే దెబ్బ) క్రాస్‌కోర్ట్, అంటే ఐమూలగా, పది నిమిషాలు బ్యాక్‌హ్యాండ్ (ఎడమవైపు బంతికి కొట్టే దెబ్బ) క్రాస్‌కోర్ట్ ఆడండి. దీనికో నియమం ఉంది: బంతి సర్వీస్ లైన్ దాటి పడితేనే లెక్క, ముందే పడితే లెక్క మళ్లీ సున్నా నుంచి. పది దాకా పోవడమే మొదట్లో కష్టం. ఇరవై నిలకడగా వచ్చే దాకా వేగం పెంచకండి. ఎక్కువమందికి బంతి పొట్టిగా పడేది బలం చాలక కాదు, నెట్ మీద మరీ తక్కువ ఎత్తులో కొట్టడం వల్ల. బంతి నెట్ అంచుకు మూడు నాలుగు అడుగుల పైనుంచి వెళ్లాలి. కంటికి ఆ ఎత్తు అలవాటు కావాలంటే రెండు నెట్ స్తంభాలకూ వెదురు కర్రలు కట్టి, నేల నుంచి ఆరడుగుల ఎత్తులో తాడు లాగండి. ర్యాలీ అంతా తాడు పైనుంచే నడవాలి.

క్రాస్‌కోర్టే ఎందుకంటే, నెట్ మధ్యలో 91.4 సెంటీమీటర్లు, స్తంభాల దగ్గర 1.07 మీటర్లు ఉంటుంది. కోర్టు పొడవు 23.77 మీటర్లు. సింగిల్స్ కోర్టులో మూల నుంచి మూలకు కొలిస్తే 25 మీటర్లు దాటుతుంది. అంటే ఐమూలగా కొట్టిన బంతి నెట్ తక్కువగా ఉన్న చోటు మీదుగా వెళ్తుంది, పడటానికి మరో 1.4 మీటర్ల చోటూ దొరుకుతుంది. మ్యాచ్‌లో ఏం కొట్టాలో తోచనప్పుడు చేయి దానంతటదే అటు వెళ్లేలా చేయడమే ఈ సాధన ఉద్దేశం.

ఇందులో అందరూ వదిలేసేది కొట్టాక వెనక్కి రావడం. ప్రతి బంతికీ బేస్‌లైన్ మధ్య గీత దగ్గరికే పరిగెత్తాలని అనుకుంటారు. ఫోర్‌హ్యాండ్ క్రాస్‌కోర్ట్ కొట్టాక నిలబడాల్సింది మధ్య గీతకు ఒక అడుగు కుడివైపున. ఎందుకంటే ఎదుటివాళ్లు మళ్లీ ఐమూలగా కొడితే బంతి మీకు బాగా దూరంగా వస్తుంది, గీత వెంట కొట్టాలంటే వాళ్లకు కష్టం. ఆ చోట ఒక చెప్పు గానీ నీళ్ల సీసా గానీ కాస్త వెనగ్గా పెట్టి, ప్రతి దెబ్బ తర్వాత దాని ముందుకు వచ్చి నిలబడండి. ఇది మొదలుపెట్టిన రోజు మీ ఇరవై లెక్క ఐదుకు పడిపోతుంది. మ్యాచ్‌లో మీరు నాలుగో బంతికే ఎందుకు తప్పుతున్నారో అప్పుడు తెలుస్తుంది.

తర్వాత పది నిమిషాలు ఎనిమిది అంకె ర్యాలీ. ఒకరు ఎప్పుడూ క్రాస్‌కోర్టే కొట్టాలి, రెండోవాళ్లు ఎప్పుడూ డౌన్ ద లైనే (పక్క గీత వెంట తిన్నగా) కొట్టాలి. ఐదు నిమిషాలకు మారండి. ర్యాలీ ఆరు దెబ్బలకు మించి సాగకపోతే డబుల్స్ ట్రామ్‌లైన్లను (సింగిల్స్ కోర్టుకు రెండు పక్కలా ఉండే పట్టీలు) కూడా కలుపుకోండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. మిగిలిన సమయంలో 11 పాయింట్ల ఆట: బంతిని కింద పడేసి కొట్టి మొదలుపెట్టాలి, మొదటి రెండు దెబ్బలు క్రాస్‌కోర్ట్, ఆ తర్వాత ఇష్టం. చివరి పది నిమిషాలు సర్వ్‌కూ రిటర్న్‌కూ. గంటలో దేన్నైనా కత్తిరించాల్సి వస్తే ఎనిమిది అంకెను కత్తిరించండి గానీ సర్వ్‌ను కాదు.

ప్రశ్న: మొదటి సర్వ్ పడితే పాయింట్ నాదే. పడకపోతే రెండోది నెట్‌కు కొట్టి డబుల్ ఫాల్ట్ (రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోవడం). నా ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. ఎత్తు తక్కువ కావడమే కారణమా?
— పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎత్తు కొంత కారణమే, కానీ మీరనుకున్న తీరులో కాదు. బేస్‌లైన్ నుంచి నెట్‌కు 11.89 మీటర్లు, నెట్ నుంచి సర్వీస్ లైన్‌కు 6.40 మీటర్లు. సర్వీస్ లైన్ దగ్గర నేల మీద ఒక దారం పట్టుకుని, నెట్ మధ్య అంచును తాకిస్తూ బేస్‌లైన్ దాకా తిన్నగా లాగితే, అక్కడ అది 2.61 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. సర్వ్‌లో రాకెట్‌కు బంతి తగిలే ఎత్తు సుమారుగా మనిషి ఎత్తుకు ఒకటిన్నర రెట్లు. మీకది 2.5 మీటర్లు. అంటే దారానికి కిందే. పైనుంచి కిందికి తిన్నగా కొట్టిన బంతి మీ ఎత్తు నుంచి నెట్ దాటి బాక్సులో పడే దారే లేదు. ఆరడుగుల మనిషికి కూడా మిగిలేది వేలెడంత సందే. పడుతున్న సర్వ్‌లన్నీ గురుత్వాకర్షణ వల్లనో, స్పిన్ (బంతి తిరగడం) వల్లనో వంగి పడుతున్నవే. కాబట్టి సర్వ్‌ను కిందికి కాదు, పైకి కొట్టాలి. ఇది తలకెక్కితే సగం పని అయినట్టే.

రెండో సర్వ్‌లో జరిగే అసలు తప్పు, భయంతో చేతి వేగం తగ్గించడం. వేగం తగ్గితే స్పిన్ తగ్గుతుంది. స్పిన్ లేని బంతి నెట్‌కైనా తగులుతుంది, తేలిపోయి అవుటైనా అవుతుంది. రెండో సర్వ్‌లో చేతి వేగం మొదటి దాని అంతే ఉండాలి. మారాల్సింది రాకెట్ వెళ్లే దిశ: ముందుకు తక్కువ, పైకి ఎక్కువ.

గ్రిప్ (రాకెట్ పట్టు) సరిచూసుకోండి. రాకెట్ ముఖం నేలకు నిలువుగా ఉండేలా పట్టి, పిడిని సుత్తి పట్టుకున్నట్టు పట్టుకోవాలి. అదే కాంటినెంటల్. ఫోర్‌హ్యాండ్ గ్రిప్‌తో సర్వ్ చేస్తే బంతిని నెట్టగలరు గానీ తిప్పలేరు. గ్రిప్ మార్చిన మొదటి వారం బంతులన్నీ ఎడమవైపు పోతాయి. చాలామంది అక్కడే విసిగి పాత గ్రిప్‌కు వెళ్లిపోతారు. ఒంటిని ఇంకాస్త కుడి నెట్ స్తంభం వైపు తిప్పి నిలబడితే అది సర్దుకుంటుంది.

తర్వాత టాస్, అంటే సర్వ్ కోసం బంతిని పైకి వేయడం. బంతిని వేళ్ల కొసలతో పట్టుకోండి, అరచేతిలో కాదు. చేయి నిటారుగా లేచి, కళ్ల ఎత్తు దాటాక వేళ్లు విప్పుకోవాలి. అంతకంటే ముందే వదిలితే బంతి వెనక్కో పక్కకో పోతుంది. ఎడమకాలి ముందు, కోర్టు లోపల అరడుగు దూరంలో రాకెట్‌ను నేలమీద పెట్టి, కొట్టకుండా ఇరవై టాస్‌లు వేయండి. పదిహేనైనా తీగల మీద పడాలి. ఎత్తు ఎంతంటే, చేయి చాచి నిలబెట్టిన రాకెట్ కొసకు ఇంకాస్త పైకి. అంతకు మించి వేస్తే గాలికి ఊగుతుంది. సముద్రం ఒడ్డు ఊళ్లలో ఆడేవాళ్లకు ఇది బాగా తెలిసిన బాధే.

ఇప్పుడు సర్వీస్ లైన్ దగ్గర నిలబడి పది సర్వ్‌లు చేయండి. అంత దగ్గర్నుంచి తిన్నగా కిందికి కొట్టినా బాక్సులో పడుతుంది, అయినా పైకి రుద్దే కొట్టండి. అది అలవాటు కావడానికే ఈ పద్ధతి. తర్వాత సర్వీస్ లైన్‌కూ బేస్‌లైన్‌కూ మధ్య నుంచి పది, ఆపైన బేస్‌లైన్ నుంచి ఇరవై. మొదటి జవాబులో చెప్పిన వెదురు కర్రల తాడును ఐదడుగులకు దించి, దాని పైనుంచి వెళ్లి బాక్సులో పడిన వాటినే లెక్కపెట్టండి. పదికి ఏడు పడేదాకా మూలల గురి మొదలుపెట్టవద్దు. వారానికి మూడు రోజులు, రోజుకు నలభై యాభై సర్వ్‌లు చాలు. ఒకేరోజు బుట్టెడు బంతులు కొడితే భుజం పట్టేస్తుంది.

దీనికి పరీక్ష కూడా మ్యాచే. వారానికి ఒక సెట్ ఒకే సర్వ్‌తో ఆడండి, తప్పితే పాయింట్ పోయినట్టే. మొదట్లో 6-1తో ఓడతారు. ఓడనివ్వండి.

ప్రశ్న: మా ఊళ్లో కోర్టు ఉంది గానీ తోడు దొరకరు. మార్కర్‌ను (డబ్బు తీసుకుని తోడు ఆడే వ్యక్తి) పెట్టుకునే స్తోమత లేదు. గోడకు కొడితే ఆట చెడిపోతుందంటారు, నిజమా?
— పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: గోడ వల్ల ఆట చెడదు, తొందర వల్ల చెడుతుంది. గోడకు కొట్టిన బంతి మనిషి కొట్టిన దానికన్నా చాలా త్వరగా తిరిగొస్తుంది. గట్టిగా కొట్టినకొద్దీ స్వింగుకు సమయం చాలక రాకెట్ వెనక్కి వెళ్లడం ఆగిపోతుంది, మణికట్టు ఆట మొదలవుతుంది. అందుకే రెండుసార్లు నేలను తాకనివ్వండి.

సుద్దతో గోడ మీద 91 సెంటీమీటర్ల ఎత్తున గీత గీయండి, దానికి రెండడుగుల పైన మరో గీత. ఈ రెండింటి మధ్యే కొట్టాలి. ఏడు మీటర్ల దూరం నుంచి రెండు బౌన్సులతో ముప్పై ఫోర్‌హ్యాండ్లు, ముప్పై బ్యాక్‌హ్యాండ్లు, తర్వాత ఒకటి మార్చి ఒకటి. ఇది నిలకడగా వచ్చాక ఒకే బౌన్సు, వేగం తగ్గించి. వాలీలకు (బంతి నేలను తాకకముందే కొట్టే దెబ్బలు) రెండున్నర మీటర్ల దగ్గరికి రండి, ఇక్కడ పది వరసగా వస్తే గొప్పే. సర్వ్‌కైతే గోడకు 11.89 మీటర్ల దూరంలో నేల మీద గీత గీసుకుని, అక్కడి నుంచి గోడ మీది రెండు గీతల మధ్యే కొట్టండి. గాలి తగ్గిన పాత బంతులు గోడకు మేలు, కాస్త నెమ్మదిగా వస్తాయి.

కోర్టు ఖాళీగా ఉంటే అదీ వాడుకోండి. ఒక బుట్ట బంతులు పెట్టుకుని, భుజం ఎత్తు నుంచి ఒక్కొక్కటీ వదిలి, లేచిన దాన్ని మూలలో పెట్టిన గురికి కొట్టండి. నడుము ఎత్తులో తగలాలి. ఎదురుగా మనిషి లేడు కాబట్టి తప్పు ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు.

ప్రశ్న: బంతి దగ్గరికి ఎప్పుడూ ఆలస్యంగానే చేరుతున్నాను. పరుగు పెంచుకోవాలా?
— పాఠకురాలు, వరంగల్

జవాబు: చాలాసార్లు ఆలస్యం పరుగులో ఉండదు, మొదటి అడుగులో ఉంటుంది. ఎదుటివాళ్ల రాకెట్ బంతిని తాకే క్షణానికి మీ రెండు పాదాలూ చిన్న గెంతుతో నేలను తాకుతూ ఉండాలి. ఇదే స్ప్లిట్ స్టెప్. ఒక పది నిమిషాల ర్యాలీలో, ఎదుటివాళ్లు కొట్టిన ప్రతిసారీ మీరు ‘హిట్’ అని పైకి అనండి, ఆ మాటకే పాదాలు దిగాలి. మాట ఆలస్యమైతే చూపు ఆలస్యమైనట్టే.

పరుగుకు స్పైడర్ డ్రిల్ మంచిది. బేస్‌లైన్ మధ్య గీత దగ్గర రాకెట్ పెట్టండి. సింగిల్స్ కోర్టు రెండు వెనక మూలలూ, సర్వీస్ లైన్ రెండు చివరలూ, సర్వీస్ బాక్సుల మధ్య టీ, ఈ ఐదు చోట్ల ఐదు బంతులు. ఒక్కొక్కటే పరుగున తెచ్చి రాకెట్ మీద పెట్టాలి. మొత్తం దూరం 55 మీటర్లే, కానీ తొమ్మిది చోట్ల ఆగి తిరగాలి. అలసట అక్కడే. మూడుసార్లు చేయండి, మధ్యలో 25 సెకన్లే విశ్రాంతి, ఎందుకంటే పాయింట్ల మధ్య ఆటలో దొరికేదీ అంతే. మొదటి పరుగుకూ మూడోదానికీ రెండు సెకన్లకు మించి తేడా వస్తుంటే మ్యాచ్ చివర్లో ఏం జరుగుతోందో ఊహించుకోవచ్చు.

ప్రశ్న: సానియా మీర్జాలా ఫోర్‌హ్యాండ్ తిన్నగా, వేగంగా కొట్టాలని మా అమ్మాయి పట్టు. నేర్పించవచ్చా?
— పాఠకురాలు, కరీంనగర్

జవాబు: 2007లో సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకు దాకా ఆమెను తీసుకెళ్లింది ఆ దెబ్బే. ఆ వేగంలో మణికట్టు పాత్ర పెద్దది, మణికట్టు దెబ్బతినే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటి రౌండ్‌లోనే ఆమె ఆట వదులుకోవాల్సి వచ్చింది. ముందు, మొదటి జవాబులో చెప్పిన తాడు పైనుంచి టాప్‌స్పిన్ (కింది నుంచి పైకి రుద్ది బంతిని ముందుకు తిప్పడం) నేర్పించండి. బంతి సర్వీస్ లైన్ దగ్గర పొట్టిగా పడి భుజం ఎత్తుకు లేచినప్పుడు తిన్నగా కొట్టడం వేరే సాధనగా పెట్టండి: చేత్తో విసిరిన పది బంతులు, రెండు మూలల్లో గురి. నడుము కిందికి వచ్చిన బంతిని తిన్నగా గట్టిగా కొట్టడం మాత్రం అమ్మాయి ఎంత అడిగినా వద్దు.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. అకాడమీలో పెద్దవాళ్ల పసుపు బంతులతోనే ఆడిస్తున్నారు. బంతి తల మీదుగా పోతోందని ఏడుస్తున్నాడు.
— పాఠకుడు, తిరుపతి

జవాబు: ఏడవడంలో న్యాయం ఉంది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి పదేళ్లలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతిని వాడకూడదని నియమం పెట్టింది. ఎరుపు బంతి మామూలు దానికన్నా సుమారు 75 శాతం, నారింజది 50 శాతం, ఆకుపచ్చ చుక్కది 25 శాతం నెమ్మది. పిల్లల నడుము ఎత్తులోనే లేస్తాయి. భుజం పైన లేచే బంతిని కొట్టడానికి పిల్లలు గ్రిప్‌ను కిందికి తిప్పేసుకుంటారు, పదిహేనేళ్లు వచ్చాక ఆ అలవాటు మాన్పించడం మహా కష్టం.

ఎరుపు బంతి కోర్టుకు కొత్త స్థలం అక్కర్లేదు. మామూలు కోర్టులో బేస్‌లైన్‌కూ సర్వీస్ లైన్‌కూ మధ్య 18 అడుగులు, డబుల్స్ వెడల్పు 36 అడుగులు. సరిగ్గా అదే ఎరుపు కోర్టు కొలత. అడ్డంగా వాడుకుని మధ్యలో 80 సెంటీమీటర్ల ఎత్తున తాడుకు గుడ్డ వేలాడదీస్తే చాలు. నెట్‌కు రెండు వైపులా రెండు కోర్టులు, ఒకేసారి నలుగురు పిల్లలు ఆడవచ్చు. ఎనిమిదేళ్ల బాబుకు మొదట ఎరుపు, పది దెబ్బల ర్యాలీ సులువుగా వస్తుంటే నారింజ. రాకెట్ 23 నుంచి 25 అంగుళాలు. రోజుకు 45 నిమిషాలు, వారానికి మూడు రోజులు మించక్కర్లేదు. మిగతా రోజులు వేరే ఏ ఆటైనా ఆడనివ్వండి.

ప్రశ్న: మోచేయి బయటివైపు నొప్పి. తడి బట్ట పిండినా, కుర్చీ ఎత్తినా కలుక్కుమంటోంది. ఆట మానాలా?
— పాఠకుడు, విజయవాడ

జవాబు: లక్షణాలు టెన్నిస్ ఎల్బోలా (మోచేయి బయటివైపు వచ్చే నొప్పి) ఉన్నాయి. రెండు మూడు వారాలు బ్యాక్‌హ్యాండ్, సర్వ్ మానండి. ఎక్కువగా కారణం, ఒంటిచేత్తో బ్యాక్‌హ్యాండ్‌ను ఆలస్యంగా, మణికట్టు వంచి కొట్టడం. రెండో కారణం గట్స్, అంటే రాకెట్ తీగలు. పాలియెస్టర్ గట్స్‌ను బాగా బిగించి వేయించుకుని, తెగేదాకా నెలల తరబడి ఆడటం చేతికి చేటు. మెత్తటి మల్టీఫిలమెంట్‌కు (సన్నటి పోగులతో చేసిన తీగ) మారి, గట్టింగ్ బిగువు నాలుగైదు పౌండ్లు తగ్గించమనండి. పిడిని బిగపట్టి ఆడే అలవాటు ఉంటే అదీ మానాలి.

వ్యాయామం ఒకటే చాలు. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి, మణికట్టు బల్ల అంచు బయటికి. చేతిలో అర లీటరు నీళ్ల సీసా. రెండో చేత్తో మణికట్టును పైకి లేపి, నొప్పి ఉన్న చేత్తోనే నాలుగు లెక్కపెడుతూ నెమ్మదిగా దించండి. పదిహేనేసి చొప్పున మూడుసార్లు, రోజూ. కొద్దిపాటి నొప్పి ఉండవచ్చు, మర్నాటికి పెరగకూడదు. వేళ్లు తిమ్మిరెక్కినా, ఆరు వారాలకు తగ్గకపోయినా ఎముకల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మేం నలుగురం రోజూ డబుల్సే ఆడతాం. నెట్ దగ్గర నా వాలీలన్నీ పైకి లేచిపోతున్నాయి.
— పాఠకుడు, కర్నూలు

జవాబు: రాకెట్ వెనక్కి వెళ్తోందన్నమాట. కోర్టు వెనక కంచెకు వీపు ఆనించి నిలబడి, స్నేహితుడిని నాలుగు మీటర్ల నుంచి చేత్తో బంతులు విసరమనండి. వెనక్కి స్వింగ్ చేస్తే రాకెట్ కంచెకు తగులుతుంది. ఇరవై బంతుల్లో ఒక్కసారీ తగలకపోతే నెట్ దగ్గరికి వెళ్లండి. ఇక్కడా కాంటినెంటల్ గ్రిప్పే. తక్కువ ఎత్తులో వచ్చిన బంతికి మోకాళ్లు వంచాలి, రాకెట్ తల మణికట్టు కిందికి జారకూడదు. జారితే బంతి లేస్తుంది.

నలుగురున్నారు కాబట్టి సగం కోర్టు ఆట ఆడండి. ఇద్దరిద్దరుగా ఐమూలగా, ట్రామ్‌లైన్‌తో సహా, సర్వ్ చేసినవాళ్లు తప్పనిసరిగా నెట్‌కు రావాలి. ఒకే కోర్టులో రెండు ఆటలు ఒకేసారి నడుస్తాయి, బంతులు మధ్యలో ఢీకొన్నప్పుడు పాయింట్ మళ్లీ ఆడుకోవడమే.

ప్రశ్న: బంతుల డబ్బా ఎన్నాళ్లు వాడవచ్చు?
— పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రోజులు కాదు, బౌన్సు చూడండి. నిబంధనల ప్రకారం 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గచ్చు మీద వదిలిన బంతి 135 నుంచి 147 సెంటీమీటర్లు లేవాలి. ఇంట్లో అయితే కొత్త బంతినీ పాతదాన్నీ ఒకే ఎత్తు నుంచి వదిలి చూడండి. పాతది అరచేయంత తక్కువ లేస్తుంటే ర్యాలీకి పనికిరాదు, సర్వ్‌కూ గోడకూ పక్కన పెట్టుకోండి. డబ్బా మూత తీశాక ఆడకపోయినా గాలి తగ్గుతూనే ఉంటుంది, కాబట్టి చవకగా వచ్చాయని నాలుగు డబ్బాలు కొన్నా ఒక్కొక్కటే తెరవండి. సిమెంటు కోర్టు మీద బంతి నూగు త్వరగా అరిగిపోతుంది, నూగు పోయిన బంతి గాలిలో వేగంగా వెళ్తుంది, స్పిన్ పట్టదు. వాన నీళ్లు పీల్చిన బంతి దీనికి తలకిందులు, బరువెక్కి మోచేతికి ఎసరు పెడుతుంది. దాన్ని ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టి, సర్వ్ సాధనకు మాత్రమే వాడుకోండి.